చిన్న సైకిలు - పెద్ద మనిషి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "విశ్రాంత జీవితంలో ఆరోగ్యం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. బి.పి., షుగరు రెండూ ఉన్నవాణ్ణి, ఆ అర్హత నాకెక్కడిది? అంచేత, మీరంతా గోదావరి గట్టు మీద నన్ను చూసి నవ్వుకుంటున్న విషయమే చెబుతానని వారి అనుమతి తీసుకున్నాను. అదే నా చిన్న సైకిలు. "మనవడి సైకిలు తాత ఎందుకు తొక్కుతున్నాడు?" అని మన మాజీ కోశాధికారిగారు మా ఇంటికొచ్చి మరీ అడిగారు. అది మనవడిది కాదండీ, నాదే. వాడికంటే చాలా పెద్దది కూడా. 1982లో పుట్టింది.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను దయతో ఇచ్చే భిక్ష కాదు, హక్కు అని మనం ఈ రోజు సభ చేసుకుంటున్నది దానివల్లే. నా సైకిలుకూ ఆ తీర్పుకూ ఏ సంబంధమూ లేదు, ఒకే ఏడాదివని చెప్పుకోవడం నాకు సరదా, అంతే.

అసలు సంగతికి వస్తాను. మా ఆవిడ 2020లో పోయింది. 2022 వేసవిలో మా అబ్బాయి నన్ను కాలిఫోర్నియాలో తన దగ్గరికి తీసుకెళ్లాడు, ఆరు నెలలు ఉండమని. పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆ పగళ్లు ఎలా ఉంటాయో వారికి తెలుసు. కొడుకు, కోడలు పనికి, మనవడు బడికి. కారు నడపడం మనకు రాదు. 34 ఏళ్లు డిపో గ్యారేజీలో బస్సుల కింద పడుకుని పనిచేసిన చేతులు, టి.వి. రిమోట్ తప్ప ముట్టుకోవడానికి ఇనుప వస్తువు లేక ఊరకే ఉండిపోయాయి.

ఒక శనివారం మా వీధిలో ఒకాయన ఇంట్లో పాత సామాను బయట పెట్టి అమ్ముతున్నాడు. అందులో ఉంది ఈ సైకిలు. క్రోమియం పూత మీద తుప్పు చుక్కలు, గాలి లేని టైర్లు. 40 డాలర్లు అన్నాడు, ఇచ్చేశాను. అది మంగూస్ అనే కంపెనీ సైకిలని, అడుగున కొట్టిన నంబరును బట్టి 1982ది అని, దాన్ని బి.ఎం.ఎక్స్. అంటారని తర్వాత పక్కింటాయన చెప్పాడు. ఆయనకు యాభై దాటాయి, ఇలాంటివి గ్యారేజీలో నాలుగు వేలాడదీశాడు.

బి.ఎం.ఎక్స్. అంటే సైకిల్ మోటోక్రాస్. 1963లో ష్విన్ కంపెనీ స్టింగ్-రే అనే పిల్లల సైకిలు తెచ్చింది, 20 అంగుళాల చక్రాలు, ఎత్తు హ్యాండిలు. కాలిఫోర్నియా పిల్లలు దాన్ని మట్టి దిబ్బల మీద మోటారు సైకిలులా దూకించారు. 1970లో లాంగ్ బీచ్‌లో స్కాట్ బ్రైట్‌హాప్ట్ అనే 13 ఏళ్ల కుర్రవాడు తన తోటి పిల్లలకు పందేలు పెట్టాడు. మరుసటి ఏడాది వచ్చిన 'ఆన్ ఎనీ సండే' అనే డాక్యుమెంటరీ సినిమా మొదట్లోనే అలాంటి పిల్లలు కనిపిస్తారు. అది చూసి దేశమంతా పాకింది. దూకితే మామూలు సైకిళ్లు విరిగిపోతుంటే, 1974లో స్కిప్ హెస్ అనే ఆయన విరగని చక్రం పోతపోసి మంగూస్ మొదలుపెట్టాడు. 1982లో 'ఇ.టి.' సినిమాలో పిల్లలు ఆకాశంలో తొక్కినవి జపాన్‌లోని కువహారా వారి సైకిళ్లు. ఇక 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట వెళ్లింది. పిల్లలు మట్టిలో మొదలుపెట్టిన ఆట అంతదూరం పోయింది.

పక్కింటాయన నా కొనుగోలు చూసి ముందు అడిగిన మాట, "రంగు వేయలేదు కదా?" అప్పటికే నా చేతిలో గరుకు కాగితం ఉంది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే కనిపించినదానికల్లా రంగు కొట్టే అలవాటు మనది. ఆయన కంగారుగా ఆపాడు. ఆ నాటి పూత, ఆ నాటి స్టిక్కర్లు ఉంటేనే విలువట, గీతలున్నా సరే. అల్యూమినియం రేకు కాగితాన్ని నీటిలో ముంచి రుద్దమన్నాడు. రుద్దితే తుప్పు నల్లటి నీరై పోయింది, కింద క్రోమియం మెరిసింది. ఈ చిట్కా మనకు సర్వీసులో ఉండగా తెలిస్తే ఎన్ని బంపర్లు బాగుపడేవో.

విప్పడం మరో అనుభవం. మన సైకిలుకు క్రాంకు కాటర్ పిన్నుతో బిగుస్తుంది కదా. దీనికి రెండు కాళ్ల క్రాంకూ ఇరుసూ కలిసి ఒకే కడ్డీ, ఎస్ ఆకారంలో వంచినది. ఎడమ పక్క నట్టు ఎడమ మరది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. అరగంట దానితో కుస్తీ పట్టాను. పెడల్ మర అర అంగుళం, మూడు ముక్కల క్రాంకుదైతే 9/16 అంగుళం. టైరు సంగతి ఇంకా విచిత్రం. 20 బై 1.75 అని దశాంశంలో రాసినదీ, 20 బై 1 3/4 అని భిన్నంలో రాసినదీ లెక్కకు ఒకటే, రిమ్ముకు మాత్రం ఒకటి కాదు. ఒకదాని బదులు మరొకటి ఎక్కదు. ఆడిట్‌వారు ఒప్పుకున్నా చక్రం ఒప్పుకోదు.

ఇంత చేసినవాణ్ణి, చేయవలసిన ఒక్క పని చేయలేదు. నలభై ఏళ్ల నాటి బ్రేకు రబ్బర్లు చెక్కలా గట్టిపడ్డాయి, మార్చలేదు. బ్రేకు చూడకుండా బండి బయటికి పంపినవాళ్లకు మెమోలు ఇచ్చినవాణ్ణి! మొదటి రోజే, కొంచెం పల్లంగా ఉన్న కాలిబాట, తోట నీళ్లు పారి తడి. తడిసిన స్టీలు రిమ్ము మీద ఆ రబ్బరు పట్టలేదు. ఎడమ చేయి కింద పెట్టి పడ్డాను. మణికట్టు వాచింది.

రెండు రోజులు పూర్తి చేతుల చొక్కా వేసుకుని దాచాను. మూడో రోజు అన్నం ప్లేటు జారింది. "మామయ్యగారూ, ఆ చెయ్యేమిటి?" అని కోడలు అడిగేసింది. ఎక్స్‌రే తీయించారు. విరగలేదు కానీ బిల్లు నా రెండు నెలల పెన్షను. మా అబ్బాయి ఎన్నడూ గొంతు పెంచనివాడు, ఆ రాత్రి "ఇంట్లో కూర్చోలేవా నాన్నా?" అన్నాడు. వాడి భయం వాడిది, అమ్మ పోయి రెండేళ్లే. అయినా ఆ మాట నాకు వాపుకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నేను జవాబు చెప్పలేదు. వారం రోజులు సైకిలు గ్యారేజీలో గోడవైపు తిరిగి ఉంది.

పక్కింటాయన ఈలోగా దాన్ని కొంటానన్నాడు, నేనిచ్చిన దానికి పది రెట్లు. "నీ చిన్నప్పటి సైకిలు కాదు కదా, నీకెందుకు?" అన్నాడు. ఆయనకు పన్నెండో ఏట సరిగ్గా ఇలాంటిదే ఉండేదట, దొంగలెత్తుకుపోయారట. వీళ్లంతా పోయిన బాల్యాన్ని తిరిగి కొనుక్కుంటున్నారు. నాకు తిరిగి కొనుక్కోవడానికి ఏముంది? గంటకు పది పైసల అద్దె సైకిలు మీద, సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాణ్ణి. మీలో సగం మంది అలా నేర్చుకున్నవారే. చిన్నప్పుడు మనకు దొరికింది పెద్దవాళ్ల సైకిలు. మన కొలతకు సైకిలు ఎవరూ చేయలేదు. నా ఒంటికంటే చిన్న సైకిలు ఎక్కడం నాకు 68వ ఏట మొదటిసారి. ఇదే ఆయనకు చెప్పాను, అమ్మనన్నాను.

మా అబ్బాయికి మాత్రం మాటలతో చెప్పలేదు. వాణ్ణి గ్యారేజీలోకి పిలిచి, వాడి ముందే కొత్త బ్రేకు రబ్బర్లు, కొత్త వైరు వేశాను. ఛాసిస్‌లో పగుళ్లు చూసినట్టే చూశాను. పల్చటి నూనె పూసి, తుడిచి, మనవడి సుద్దముక్క పొడి చల్లాలి. పగులు ఉంటే నూనె ఊరి తడి గీత కనిపిస్తుంది. హ్యాండిలు అతుకుల దగ్గర, ముందు గొట్టం కింద, ఫోర్కు మొదట్లో చూడాలి. దూకిన సైకిలు దెబ్బ తినేది అక్కడే. గీత రాలేదు. వాడు వంగి టార్చి పట్టుకున్నాడు. ఇంజనీరే అయినా కంప్యూటరు తప్ప వాడు పట్టుకున్న పనిముట్టు నేనెప్పుడూ చూడలేదు. "ఇది నీకు ఎవరు నేర్పారు నాన్నా?" అన్నాడు. ముప్పై ఏళ్లు వాడు నిద్ర లేవకముందే డ్యూటీకి పోయి ఏం చేసేవాణ్ణో ఆ సాయంత్రం చెప్పాను.

తర్వాతి ఆదివారం వాడే నన్ను ఒక మట్టి ట్రాక్‌కు తీసుకెళ్లాడు. తల నెరిసినవాళ్లు 24 అంగుళాల చక్రాల సైకిళ్ల మీద గుట్టలెక్కి దిగుతున్నారు. నేను ఎక్కలేదు లెండి, చూశాను. హెల్మెట్ అక్కడే కొనిపెట్టాడు. ఆ రాష్ట్రంలో 18 ఏళ్లలోపు వారికే హెల్మెట్ చట్టం, నాకు కొడుకు చట్టం.

తిరిగి వచ్చేటప్పుడు విప్పి అట్టపెట్టెలో సర్దితే విమానం కొలతల్లో సరిగ్గా పట్టింది. నవంబరులో వచ్చాను, లైఫ్ సర్టిఫికెట్ వేళకు.

తొక్కడం గురించి రెండు మాటలు. 44 పళ్ల ముందు చక్రం, 16 పళ్ల ఫ్రీవీల్. పెడల్ ఒక చుట్టు తిప్పితే నాలుగు మీటర్ల పైచిలుకు వెళుతుంది. మన 28 అంగుళాలది ఐదు దాటుతుంది. అంటే దూరాలకు పనికిరాదు, మార్కెట్టుకు పోయి కూరలు తేవడానికీ పనికిరాదు, క్యారియరే లేదు. హ్యాండిలు చురుకు, పరధ్యానంగా ఉంటే పక్కకు లాగుతుంది. సీటు కింద పెట్టుకుని కూర్చుని తొక్కితే వారంలో మోకాళ్లు పోతాయి. నేను పొడుగు సీటు గొట్టం వేసుకున్నాను, గొట్టం మీద గీత దాటి పైకి లాగకూడదు. గతుకు వస్తే పెడళ్లు రెండూ సమంగా పెట్టి లేచి నిలబడతాను, మోకాళ్లు, మోచేతులు కాస్త వంచి. దూకను. డాక్టరుగారిని అడిగే ఎక్కాను, మీరూ అడగండి.

ఇప్పుడు మా అబ్బాయి ఆదివారం ఫోన్ చేస్తే, మందులు వేసుకున్నావా అని తర్వాత, బ్రేకు రబ్బర్లు చూశావా అని ముందు అడుగుతున్నాడు. మనవడు తన సైకిలు చెయిను ఊడితే వీడియోలో నాకు చూపిస్తాడు.

సైకిలు బయట మెట్ల పక్కన పెట్టాను. భోజనాలయ్యాక చూడదలచినవారు చూడవచ్చు, తొక్కదలచినవారు తొక్కవచ్చు. హెల్మెట్ హ్యాండిలుకే తగిలించి ఉంది. ముందు బ్రేకు లేదు, వెనక ఒక్కటే, అది గుర్తు పెట్టుకోండి. దయచేసి స్టిక్కర్లు గోకకండి.