మగ్గమునకు చోటుగల యిల్లు
(చీరాలలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



జీవితమంతయు బడిపిల్లలచే శబ్దరూపములు వల్లె వేయించిన నన్ను పిలిచి, పేదవాడు మొదటి యిల్లు సంపాదించుకొను విధమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. ఈ విషయము చెప్పుటకు ఇంజనీరునో బ్యాంకు అధికారినో పిలువవచ్చును. కాని నేను పని విరమించిన తరువాత మా వీధిలోనివారు పట్టాలు, దరఖాస్తులు, బ్యాంకు కాగితములు చదివించుకొనుటకు నా యరుగుమీదికి వచ్చుట యలవాటయ్యెను. వానిని చదువగా చదువగా నాకు కలిగిన యభిప్రాయము నొక్కదానిని సభవారి యెదుట నుంచెదను. నేతవాడు సంపాదించుకొనవలసిన మొదటి యిల్లు మగ్గమునకు చోటుగల యిల్లు. ఆ చోటులేని యిల్లు ఎంత చౌకగ దొరకినను వానికి చౌక కాదు.

సంస్కృతమున ‘వస్’ అను ధాతువులు రెండు కలవు. ఒకదానికి కప్పుకొనుట యర్థము. దానినుండి వస్త్రము పుట్టినది. రెండవదానికి నివసించుట యర్థము. దానినుండి వాసమును, ఆవాసమును, వాస్తువును పుట్టినవి. కేంద్రప్రభుత్వమువారు తమ గృహపథకమునకు పెట్టిన ‘ఆవాస్’ అను పేరు ఈ రెండవ ధాతువునకు చెందినదే. వ్యాకరణమున నివి వేరువేరైనను మన యిండ్లలో నొక్కచోటనే కాపురముండును. తండ్రి గుంటమగ్గముమీద కూర్చుండును; తల్లి రాట్నము త్రిప్పి కండెలు చుట్టును; ఆడపిల్ల ఆసు పోయును; తెల్లవారుజామున వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టుదురు. ఉద్యోగికి ఇల్లు విశ్రాంతిస్థానము. మనకు ఇల్లే కార్ఖానా.

ఇంటి విలువ చీరాలవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. చీరాల, పేరాల గ్రామములను గలిపి పురపాలకసంఘము క్రిందికి దెచ్చి పన్నుల భారము పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు ఇండ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పాకల పల్లె కట్టుకొని పదునొకండు మాసములు అందు నివసించిరి. సుమారు పదునైదువేల జనములో అత్యధికులు ఎండకును వానకును ఓర్చి యచ్చట నిలిచిరి. ఆ చరిత్రను మనము స్వాతంత్ర్యోద్యమ ఘట్టముగ చెప్పుకొందుము, అది యుచితమే. అందు గృహస్థునకు వేరొక పాఠము కూడ కలదు. ఇల్లు దొరకినంతమాత్రమున ఇంటి ఖర్చు ముగియదు. పన్ను కలదు, నీటికి రుసుము కలదు, మరమ్మతు కలదు, అప్పు తెచ్చినయెడల నెలనెల వాయిదా కలదు. ఆ ఖర్చు నిచ్చు సంపాదన ఆ యింటనే యుండినగాని పేదవాని యిల్లు నిలువదు.

ఇప్పుడు మన స్థితి విచారింతము. మనలో అనేకులకు నేటికిని సొంత గూడు లేదు. కొందరు అద్దె యింట నుండి మగ్గమును షావుకారు షెడ్డులో నేయుచున్నారు. కొందరు షావుకారు ఇచ్చిన గదిలోనే కాపురముండి, ఆయన ఇచ్చిన నూలు నేసి, ఆయన ఇచ్చిన అడ్వాన్సు తీరక, కూలి తక్కువైనను మరియొకచోటికి పోలేక యున్నారు. ఇంటిలోని గుంట తనదైనప్పుడు నేతవాడు కూలిగూర్చి మాటలాడగలడు. గుంట పరులదైనప్పుడు వాని నోరు మూతపడును. మొదటి యిల్లు మనకు గౌరవచిహ్నమనుట చాలదు. అది కూలి బేరమునందు మన బలము.

ఇక పథకముల సంగతి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పట్టణ విభాగము 2015 జూన్ 25న ఆరంభమైనది. దాని రెండవ దశ 2024 సెప్టెంబరులో ఐదేండ్ల గడువుతో, కోటి కుటుంబముల లక్ష్యముతో మొదలైనది. భార్యాభర్తలును అవివాహిత సంతానమును ఒక కుటుంబముగ లెక్కింపబడుదురు. ఆ కుటుంబమున కెవ్వరి పేరనైనను దేశమున నెచ్చటను పక్కా యిల్లు ఉండరాదు. గడచిన ఇరువదేండ్లలో మరియే గృహపథకము లబ్ధియు పొంది యుండరాదు. సంవత్సరాదాయము 3 లక్షల లోపువారు మొదటి తరగతి. 3 మొదలు 6 లక్షలవరకు రెండవది. 6 మొదలు 9 లక్షలవరకు మూడవది.

ఈ పథకమున మనకు ముఖ్యముగ పనికివచ్చు దారులు మూడు. సొంత స్థలము గల మొదటి తరగతివాడు తానే యిల్లు కట్టుకొనుట మొదటిది. సహాయము పని సాగినకొలది విడతలుగ వచ్చును. ప్రభుత్వమో, దానితో కలిసిన సంస్థయో కట్టించిన సముదాయములో ఇల్లు పుచ్చుకొనుట రెండవది. బ్యాంకు అప్పుతో కొని వడ్డీలో రాయితీ పొందుట మూడవది. ఈ మూడవ దారిలో ఇంటి విలువ 35 లక్షలకును, అప్పు 25 లక్షలకును మించరాదు. మొదటి 8 లక్షల అప్పుపై నూటికి 4 వంతున రాయితీ లెక్కకట్టి, గరిష్ఠముగ 1,80,000 రూపాయలు ఐదు వార్షిక విడతలుగ అప్పు ఖాతాకు జమచేయుదురు.

మన రాష్ట్రమున టిడ్కోవారు పట్టణములలో కట్టించిన గృహములు 300, 365, 430 చదరపు టడుగుల మూడు తరగతులు, నేలయంతస్తుమీద మూడంతస్తులు. 2020 డిసెంబరు 25న మొదలైన స్థలముల పంపిణీలో పట్టణమున ఒక సెంటు, పల్లెలో సెంటున్నర యిచ్చిరి. సెంటనగా 48 గజములకు కొంచెము పైమాట. ఈ రెండు విధముల నివాసములవలన అద్దెబాధ తప్పినవారు అనేకులు. వారి సంతోషమును నేను తక్కువ చేయను. అయినను నేతవాని కన్నులతో చూడుడు. మూడవ యంతస్తులో గుంట త్రవ్వుటెట్లు? పడుగు సాగదీయుటకు వీధి యేది? నాడె చప్పుడునకు ప్రక్క వాటావారు ఊరకుందురా? అందుచేత కొందరు ఇల్లు రాగానే మగ్గము నమ్మివేసి వేరు కూలికి పోవుచున్నారు. మరికొందరు వచ్చిన యింటికి తాళమువేసి, తిరిగి పాత అద్దెయింటికే చేరుచున్నారు.

కావున సొంత స్థలము ఏ కొంచెమైన గలవారు కట్టుకొను దారినే పట్టుడు. ఈ దారిలో పథకము ఒప్పుకొను ఇల్లు 30 చదరపు మీటర్లకు తగ్గక, 45కు మించక యుండవలెను. అనగా సుమారు 323 మొదలు 484 చదరపు టడుగులు. మగ్గమునకును, నేతవాడు అటునిటు మెదలుటకును, ప్రక్కన రాట్నమునకును గలిపి నూరు చదరపు టడుగులైన విడువవలెనని నా యభిప్రాయము. వంటయిల్లు ఇరుకైనను సర్దుకొనవచ్చును గాని మగ్గపుగది ఇరుకైన పని సాగదు. మనది సముద్రతీరపు ఇసుకనేల. వానలు పట్టినప్పుడు గుంటలో నీరూరి పదిదినములు నేత నిలిచిపోవుట మన మెరుగని కష్టము కాదు. పునాది వీధికంటె ఎత్తుగ లేపించి, గుంట గోడలకు సిమెంటు పూత పెట్టించుడు. కిటికీ మగ్గమునకు ఎడమప్రక్కనో కుడిప్రక్కనో, పోగు కనబడునట్లు వెలుతురు పడుచోట నుంచుడు. ఇవి ఇల్లు కట్టునప్పుడు వేలతో పోవు పనులు. కట్టిన తరువాత లక్షలు పెట్టినను సాగవు.

అప్పునుగూర్చి ఒక లెక్క చెప్పెదను. 3 లక్షల రూపాయలు నూటికి 9 వడ్డీకి తెచ్చితిమనుకొనుడు. ఇరువదేండ్ల గడువైన నెలకు సుమారు 2,700 రూపాయలు కట్టవలెను. మొత్తము దాదాపు 6,48,000. పదేండ్ల గడువైన నెలకు సుమారు 3,800. మొత్తము దాదాపు 4,56,000. నెలకు పదునొకండువందలు హెచ్చుగ నోర్చుకొనినచో మొత్తముమీద లక్షా తొంబదిరెండువేలు మిగులుచున్నవి. ఆ యోపిక యెల్లరకు నుండదు. వానలనాడు పని లేని నెలలును మనకు గలవు. కావున వాయిదా నిర్ణయించుకొనునప్పుడు మంచి నెల సంపాదనను కాక చెడ్డనెల సంపాదనను చూచి నిర్ణయించుకొనుడు. చేయి యాడిన నెలలలో అసలునకు జమకట్టుడు.

కాగితములనుగూర్చి ఇంకను జాగ్రత్త వలయును. నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెనని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము చెప్పుచున్నది. అయినను స్టాంపు కాగితముమీద వ్రాయించుకొని, నోటరీ ముద్ర వేయించుకొని, స్థలము మనదైనదని నిశ్చింతగ నిద్రించువారు నేటికిని కలరు. పేదలకు ప్రభుత్వమిచ్చిన ఎసైన్డు స్థలములను చౌకగ కొనుట మరింత ప్రమాదము. ఆ భూముల బదలాయింపును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు ఇంటిస్థలములకు కొంత గడువుపిమ్మట సడలింపు నిచ్చినను, గడువు తీరకముందు కొనినవానికి హక్కు రాదు. మా వీధిలో నొక కుటుంబము మూడేండ్లు నేసి కూడబెట్టిన సొమ్మంతయు అట్టి స్థలముమీద పోసినది. చేతిలో కాగితము మిగిలినది, స్థలము మిగులలేదు. కావున బయానా ఇచ్చుటకు ముందే ఈసీ తీయించుడు. లింకు దస్తావేజులు చూపించుడు. లేఅవుటుకు అనుమతి గలదా యని విచారింపుడు.

సోదరీమణులారా, మీతో నొకమాట. సంస్కృతమున ‘గృహాః’ అను పుంలింగ బహువచనమునకు ఇల్లనియే కాక ఇల్లాలనియు అర్థము కలదు. మన పూర్వులు ఇంటిని ఇల్లాలిని ఒక్క మాటతో పిలిచిరి గాని ఇంటి పత్రము ఆమె పేర వ్రాయలేదు. ఆ లోపమును పథకము సరిదిద్దుచున్నది. ఇల్లు కుటుంబమునందలి స్త్రీ పేరనో, భార్యాభర్తల ఉమ్మడి పేరనో ఉండవలెనని నియమము. దీనిని మగవారు తమకు చిన్నతనముగ నెంచవలదు. అడ్వాన్సు బాకీక్రింద, పూచీక్రింద, వ్యసనముక్రింద పోయిన యిండ్లు మనకు తెలియును. ఇల్లాలి సంతకము లేనిదే కదలని యిల్లు పిల్లలకు రక్ష.

ఇక సంఘము చేయదగిన పని. మహారాష్ట్రలోని షోలాపురమున మన తెలుగు నేతకులములవారు తరతరములుగ స్థిరపడియున్నారు. మగవారు మిల్లులలోను మరమగ్గములమీదను, ఆడువారు ఇంట బీడీలు చుట్టుచు బ్రదుకుచు వచ్చిరి. అచ్చట బీడీకార్మిక స్త్రీలు, నరసయ్య ఆడం గారి నాయకత్వమున, గోదూతాయి పరులేకర్ పేర సహకారసంఘమై కుంభారివద్ద 10,000 ఇండ్లు కట్టించుకొనిరి. ఆపైన రాయనగరమున ఆవాస్ యోజనక్రింద 30,000 ఇండ్లకు పూనుకొనగా, అందు 15,000 ఇండ్లు 2024 జనవరి 19న లబ్ధిదారులకు అంకితమైనవి. ఒక్కొక్క స్త్రీ దరఖాస్తు ఏ బల్లమీద నిలిచిపోవునో చెప్పలేము. వేలమంది యొక్కటై నడిచినప్పుడు పని సాగినది. మన దేశముననే కేంద్రప్రభుత్వము ఏడవ పంచవర్ష ప్రణాళికాకాలమున నేతవారికి ఇల్లును పనిచోటును గలిపి కట్టించు పథకము నడపినది. కాబట్టి మగ్గపుగదితో గూడిన ఇల్లు కావలెనని కోరుట క్రొత్త కోరిక కాదు.

పోషకులలో షావుకార్లు కలరు. వారి యెదుటనే మనవిచేయుచున్నాను. తమ షెడ్డులోని నేతవాడు సొంతయింట మగ్గము వేసికొనదలచినప్పుడు అడ్వాన్సు బాకీ అడ్డుపెట్టి వానిని ఆపకుడు; ఆ బాకీని నేతకూలిలో కొంచెము కొంచెముగ పట్టుకొనుడు. తన యింట నిశ్చింతగ నేయువాని చీర నాణ్యము హెచ్చును. ఆ లాభము మీదియు నగును. సత్రములకును కల్యాణమండపములకును మీరిచ్చిన విరాళములు శిలాఫలకములమీద నున్నవి. లబ్ధిదారుడు తన వంతు సొమ్ము కట్టలేక ఇల్లు పోగొట్టుకొను సమయమున వడ్డీలేని చేబదులిచ్చు నిధి నొకదానిని స్థాపింపుడు. ఆ సొమ్ము తిరిగి వచ్చి మరియొక యింటికి పునాది యగును.

కార్యవర్గమువారికి నా ప్రార్థనలు మూడు. వారమున కొకదినము సంఘమందిరమున దరఖాస్తులు, దస్తావేజులు చదివి చెప్పు ఏర్పాటు చేయుడు. అందు కూర్చుండుటకు నేను సిద్ధముగ నున్నాను. పైన చెప్పిన నిధిని ఈ మహాసభయందే ప్రారంభింపుడు. చేనేత పట్టణములలో కట్టు ప్రభుత్వగృహములకు మగ్గపుగది నమూనాను, పడుగుసాగదీయు వీధిని చేర్పవలెనని తీర్మానించి, ఆ తీర్మానమును బాపట్ల కలెక్టరుగారికిని, గృహనిర్మాణశాఖకును, చేనేతశాఖకును మన ప్రతినిధులచే చేతికందింపుడు.

మన చీరాలలో నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు సముద్రములు దాటి అరబ్బుదేశములకు పోయినవి. వానిని నేసిన చేతుల సంతతికి తన గుంట, తన గోడ, తన కప్పు గల యొక యిల్లు మన కాలముననే సమకూరవలెను. అట్టి గృహములలో దీపములు వెలుగుగాక, మగ్గములు మ్రోగుగాక యని యాశీర్వదించుచున్నాను.