తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నది?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడి పెరిగినవాణ్ణి. మన పిల్లల్లో ఉర్దూ చదవలేనివాళ్ళు కూడా ఎక్కువగానే ఉన్నారు గనుక, వారికీ అర్థం కావాలని తెలుగులోనే మాట్లాడుతున్నాను. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఈ రోజుల్లో ఏ ఇంటికి వెళ్ళినా తల్లిదండ్రులు చెప్పే ఫిర్యాదులు రెండే. ఒకటి, పిల్లవాడు సెల్‌ఫోన్‌లో ఆటలు వదలడు. రెండు, బండి తాళం అడుగుతాడు. మొదటిదాని వల్లనే రెండోది వచ్చిందని చాలామంది అభిప్రాయం. ఫోన్‌లో కార్ల పందేలు ఆడి ఆడి రోడ్డు మీదా అలాగే నడుపుతున్నారని అంటారు. నేనూ ఒకప్పుడు అట్లాగే అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. ఎందుకో మనవి చేస్తాను.

ముందు ఆట సంగతి చూద్దాం. మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు "సార్, ఈ గేమ్ నాది, డబ్బు పెట్టి కొన్నా" అన్నాడు. నిజమేనా? ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో "ది క్రూ" అనే కార్ల పందెం ఆటను విడుదల చేసింది. ఆ ఆట నడవాలంటే కంపెనీవారి సర్వర్లు నడవాలి. 2024 మార్చి 31న వారు ఆ సర్వర్లు ఆపేశారు. డబ్బు కట్టి కొన్నవాళ్ళ దగ్గర డిస్కు ఉన్నది, రసీదు ఉన్నది, ఆట మాత్రం లేదు. దాని మీద పలు దేశాల్లో ఆటగాళ్ళు ఆందోళన చేశారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుండి ఒక చట్టం అమలులోకి వచ్చింది. కంపెనీ తర్వాత వెనక్కు తీసుకోగల డిజిటల్ సరుకును అమ్మేటప్పుడు, ఇది సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలి.

కాబట్టి నాయనా, డబ్బు ఇచ్చినంత మాత్రాన వస్తువు మనదైపోదు. షరతులు చదివి కొనాలి. బిల్లు దాచుకోవాలి. మోసపోతే అడగాలి. మన దేశంలో 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జులై నుండి అమలులో ఉన్నది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఇది హక్కుల మాట.

హక్కు ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. ఆటకు తాళం కంపెనీ చేతిలో ఉన్నది. బండి తాళం మాత్రం అచ్చంగా మన చేతిలో ఉన్నది. ఆర్‌సీ కాగితం మీద మన పేరే ఉన్నది. ఆ పేరుకు అర్థం ఏమిటో నాకు తెలిసింది ఒక రంజాన్ సాయంత్రం.

2017లో జరిగింది ఇది. ఇఫ్తార్‌కు ఇంకా పావుగంట ఉన్నది. ఇంట్లో ఐసు లేదు. మా అక్క కొడుకు, అప్పటికి పదహారేళ్ళవాడు, గడపలో నిలబడి ఉన్నాడు. గోడ మేకుకు వేలాడుతున్న తాళం తీసి "పోయి రారా, తొందరగా" అని నేనే ఇచ్చాను. వాడు అడగలేదు. నేనే ఇచ్చాను. తొందరగా అన్న మాట కూడా నేనే అన్నాను.

మలుపు దగ్గర, మా వీధికి రోజూ ఆకుకూరల గంప తెచ్చే ముసలమ్మ రోడ్డు దాటుతున్నది. బండి తగిలింది. పిల్లవాడికి మోచేయి గీసుకుపోయింది. ఆమెకు తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో నేను తల వంచుకుని నిలబడితే ఆమె అడిగిన మొదటి మాట, "పిల్లోనికి ఏం కాలేదు గదా సారూ?"

ఆస్పత్రి ఖర్చులు నేను పెట్టుకున్నాను. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. అందరూ మాస్టారు మంచివాడు, బాధ్యత తీసుకున్నాడు అన్నారు. కానీ ఆ గంప మళ్ళీ మా వీధికి రాలేదు. నడవలేని మనిషి గంప ఎత్తుకోలేదు గదా. ఆమె రోజు సంపాదన అక్కడితో పోయింది. దానికి రాజీ ఎక్కడున్నది?

ఇంటికొచ్చాక నేను పిల్లవాడి మీద విరుచుకుపడ్డాను. "ఆ ఫోన్ ఆటలే నిన్ను పాడు చేశాయి" అన్నాను. వాడు ఏడుస్తూనే "మామూ, తాళం మీరే గదా ఇచ్చారు" అన్నాడు. ఆ రోజు నుండి ఆటలను తిట్టడం మానేశాను. ఆటలు గంటల తరబడి ఆడితే కళ్ళకు, చదువుకు నష్టమే, కాదనను. అయితే ఆట ఏదీ నా గోడ మేకు మీది తాళం తీసి ఇవ్వలేదు.

ఇప్పుడు చట్టం కూడా ఆ పిల్లవాడు అన్న మాటే అంటున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే దోషి సంరక్షకుడు లేదా బండి యజమాని. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన ప్రయత్నం చేశాననో అతడే రుజువు చేసుకోవాలి. లేకుంటే మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. బీమా ఉన్నది గదా అనుకోవద్దు. లైసెన్సు లేనివాడు నడిపితే, కంపెనీ బాధితునికి ముందు చెల్లించినా, ఆ సొమ్ము యజమాని నుండి రాబట్టుకోవడానికి కోర్టులు అనుమతి ఇస్తున్నాయి.

పిల్లలూ, మీకు ఒక లెక్క. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఎదురుగా మనిషిని చూసి మీ చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపు ఒక సెకను గడుస్తుంది. అంటే బ్రేకు పడక ముందే బండి 10 మీటర్లు పోయింది. రేపు బడి ఆవరణలో టేపు పెట్టి కొలిచి చూడండి, ఎంత దూరమో. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆటలో గుద్దుకుంటే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ఆ మీట లేదు.

కేంద్ర ప్రభుత్వం వారి లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోనివారే అందులో 50,029 మంది. వెనక కూర్చున్నవారూ ఆ లెక్కలో ఉన్నారు. వేల రూపాయలు పోసి ఫోన్ కొనేవాళ్ళం, ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ దగ్గర బేరమాడి, రోడ్డు పక్క డొప్ప ఒకటి తెచ్చుకుంటాం. కొనుగోలుదారుడి తెలివి ముందు చూపవలసింది అక్కడ.

చివరగా సంఘానికి మూడు మనవులు. ఒకటి, ఈ రాత్రి ఇంటికి పోగానే ప్రతి తండ్రీ గోడ మేకు మీది తాళం తీసి జేబులో వేసుకోవాలి. రెండు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలకు లైసెన్సు దరఖాస్తు నింపిపెట్టడానికి మన కార్యాలయంలో నెలకొక ఆదివారం కేటాయించాలి. ఆ పనికి నేను వస్తాను. మూడు, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి ఏటా ఇచ్చే షీల్డు బదులు మంచి హెల్మెట్ ఇద్దాం. షీల్డు అల్మారాలో ఉంటుంది, హెల్మెట్ తల మీద ఉంటుంది.

ఆ ముసలమ్మ ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నది. పండుగనాడు షీర్ ఖుర్మా తీసుకుని నేనూ, మా మేనల్లుడూ వెళ్ళి వస్తాం. ఆమె వాణ్ణి ఇంకా "పిల్లోడా" అనే పిలుస్తుంది. వాడు మాత్రం ఆమె కళ్ళలోకి చూడలేడు. నేనూ చూడలేను.