క్రాంకు పుల్లీ దగ్గర ఆయిలు కారితే

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో కవిత్వం గురించో, మన పూర్వులు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తీరు గురించో మాట్లాడడం ఆచారం. పందెపు ఇంజనులో ఆయిలు కారడం ఈ సభకు తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కాని కోయంబత్తూరు తెలుగు కుటుంబాలకు యంత్రం పరాయి వస్తువు కాదు. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య బస్సు నడిపిన జి.డి. నాయుడుగారు తెలుగు ఇంటివారు. మారుతి 800 భాగాలతో ఫార్ములా మారుతి పందెపు కారును రూపొందించి, 1995లో కాలం చేసిన కరివర్ధన్‌గారు ఈ ఊరివారు. చెట్టిపాళయంలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. నేడు మన పిల్లలు ఎందరో వర్కుషాపులలో చేతులు మసి చేసుకొని పని నేర్చుకొంటున్నారు. ముఖ్యంగా వారికోసం, ఈ పనిలోనే వున్నవాళ్ళం గనుక, మాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఇంజనులో పిస్టనులు పైకీ కిందికీ ఆడతాయి. ఆ ఆటను గుండ్రని తిరుగుడుగా మార్చే ఇరుసు క్రాంకుషాఫ్టు. దాని ముందు కొనకు బిగించిన చక్రమే క్రాంకు పుల్లీ. దాని మీది బెల్టు ఫానును, నీటి పంపును, డైనమోను తిప్పుతుంది. ఇరుసు ఇంజను లోపలినుండి బయటికి వచ్చే చోట రంధ్రం వుండక తప్పదు. లోపల ఆయిలు, బయట గాలి. మధ్య కాపలా కాసేది వేలెడు వెడల్పు కూడా లేని ఒక సీలు.

ఆ సీలు మీద పడే భారం ఎంతో లెక్క వేసి చూడండి. పుల్లీ మెడ వ్యాసం 4 సెంటీమీటర్లు అనుకొందాం. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకు 100 చుట్లు. అంటే సీలు పెదవి కింద ఉక్కు సెకనుకు సుమారు 12న్నర మీటర్ల వేగంతో, గంటకు 45 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తుతుంది. ఇంటి కారులో ఏళ్ళ తరబడి నిలిచే సీలు పందెంలో ఒక్క పూటలో ఓడిపోవడానికి ఇది ఒక కారణం. ఒక్కటే కారణం కాదని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఉదాహరణకు మనందరికీ తెలిసిన ఇంజనునే తీసుకొందాం. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారుకు 1959 నుండి అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను బి.ఎం.సి. బి-సిరీస్ అనే కుటుంబానికి చెందినది. మన పెళ్ళిళ్ళకు బంధువులను మోసిన ఆ ఇంజనుకు పందెపు బంధుత్వం కూడా వున్నది. 1955 ల మాన్స్ పందెంలో ఎం.జి.ఎ. నమూనా కార్లు పరుగెత్తినది ఈ కుటుంబపు ఇంజనుతోనే.

ఆయిలు కనబడగానే సీలు మార్చడం చాలామంది అలవాటు. ముందు ఆయిలు ఎక్కడినుండి వస్తున్నదో చూడాలి. పైన రాకరు మూత దగ్గర కారినా, టైమింగు మూత అంచున కారినా, ఆయిలు కిందికి జారి పుల్లీ మీద పడుతుంది. పుల్లీ దాన్ని నలువైపులా చిమ్ముతుంది. తప్పు ఒకరిది, నింద ఇంకొకరిది. కాబట్టి ఇంజను ముందు భాగాన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, సన్నని సుద్దపొడి చల్లాలి. కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, దీపం పట్టి చూస్తే మొదటి తడి ఎక్కడ తగిలిందో పొడే చెబుతుంది.

తడి నిజంగా సీలు దగ్గరే మొదలైతే, అప్పుడైనా సీలును వెంటనే నిందించవద్దు. లోపలి ఊపిరి ఎలా వున్నదో చూడాలి. పిస్టను రింగులు దాటి కొంత మంటగాలి కిందికి దిగుతూనే వుంటుంది. చుట్లు పెరిగినకొద్దీ అది పెరుగుతుంది. బయటికి పోవడానికి బ్రీదరు గొట్టం వున్నది. ఆ గొట్టం సన్నదైనా, జిడ్డుతో పూడినా, గాలి తనకు చేతనైన దారి వెతుక్కొంటుంది. ఆయిలును వెంట తీసుకొని సీలు గుండా బయటికి వస్తుంది. ఆయిలు పోసే మూత తీసి చూస్తే గుప్పుగుప్పున గాలి కొడుతున్నదా? అయితే ఎన్ని సీళ్ళు మార్చినా లాభం లేదు. గొట్టం శుభ్రం చేయాలి, చాలకపోతే పెద్దది వేయాలి, రింగులు పరీక్షించాలి. పందెపు కారులో ఆ గొట్టం కొనను ఒక పట్టుడు డబ్బాలోకి పెట్టాలి. 2000 సి.సి. వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్ల డబ్బా వుండాలని అంతర్జాతీయ నియమం.

తరువాత పుల్లీ మెడ. సీలు పెదవి ఏళ్ళ తరబడి ఒకే చోట రాసుకొని ఉక్కులో గాడి చేస్తుంది. గోరు అడ్డంగా పెట్టి లాగండి. గోరు ఆగితే కొత్త సీలు కూడా ఆ గాడిలో నిలవదు. పలుచని ఉక్కు తొడుగు ఎక్కించడం మంచి మార్గం. చోటు వుంటే, పెదవి కొత్త జాగాలో ఆనేట్టు సీలును కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెట్టవచ్చు. సన్నని ఎమరీ కాగితం పట్టేటప్పుడు నేరుగా చుట్టూ పట్టాలి. ఏటవాలుగా పడిన గీత మర చుట్టువలె పనిచేసి ఆయిలును బయటికి తోడుతుంది.

ఇక కూర్పు. ఈ ఇంజనులో సీలు వెనుక ఆయిలును విసిరికొట్టే రేకు బిళ్ళ వున్నది. దాని మీద 'ఎఫ్' అనే అక్షరం వుంటే ఆ ముఖం ముందుకు రావాలి. పాత మూతలలో ఫెల్టు, తరువాతి మూతలలో రబ్బరు సీలు వున్నాయి. ఒక కాలపు మూతకు ఇంకో కాలపు బిళ్ళ పెడితే పొసగదు. రబ్బరు సీలులో స్ప్రింగు వున్న వైపు ఆయిలు వైపుకు, అంటే లోపలికి వుండాలి. పెదవికి కొంచెం ఆయిలు రాయాలి. పొడిగా తిరిగిన పెదవి మొదటి నిమిషంలోనే కాలుతుంది.

మూతను ముందే బిగించి తరువాత పుల్లీని తోయడం తగదు. మూత బోల్టులు వదులుగా పెట్టి, పుల్లీ మెడను సీలులోనుండి దూర్చి, అటూ ఇటూ తిప్పి, మూత తన కేంద్రం తానే వెతుక్కొన్న తరువాత బోల్టులు ఎదురెదురుగా బిగించాలి. వెంట్రుక వాసి పక్కకు జరిగినా పెదవి ఒకవైపు నొక్కుకొని, ఇంకోవైపు నోరు తెరుస్తుంది.

ఇంకొక దొంగదారి వున్నది. పుల్లీ జారకుండా ఇరుసుకూ దానికీ మధ్య తాళం చెక్కవంటి ఉక్కు ముక్క పెడతారు. ఆ గాడి వెంట ఆయిలు మెల్లగా పాకి, సీలును తాకకుండానే, బోల్టు తల కిందినుండి బయటపడుతుంది. అక్కడ, వాషరు కిందా సీలింగు పేస్టు పలుచగా పూయాలి. ఇంజను పుస్తకంలో చెప్పిన కొలతకు బోల్టు బిగించాలి. చివరిగా, డయలు గేజి పెట్టి పుల్లీని మీటితో పైకెత్తి చూడండి. ముందరి మెయిన్ బేరింగు అరిగి ఇరుసే గెంతుతూ వుంటే, ఏ సీలూ దాని వెంట గెంతలేదు. ఆ ఇంజనును విప్పక తప్పదు.

ఇంత శ్రమ రెండు చుక్కల ఆయిలు కోసమా అని అడగవచ్చు. ఇంటి ముందు కారిన చుక్క సిమెంటు మీద మచ్చ అవుతుంది. బెల్టు మీద పడిన చుక్క దాన్ని జార్చి, నీటి పంపును నిలిపి, ఇంజనును కాల్చుతుంది. వేడి గొట్టం మీద పడితే మంట. పందెపు బాట మీద పడితే, అది మన చక్రం కిందికి రాదు. వెనుక వచ్చేవాని చక్రం కిందికి వస్తుంది. అందుకే ఆయిలు పడిన చోట పసుపు మీద ఎర్ర చారల జెండా చూపుతారు. కారుతున్న బండికి నారింజ చుక్క వున్న నల్ల జెండా చూపి లోపలికి పిలుస్తారు. ఆ జెండా మనకు అవమానమని కొందరు కుర్రవాళ్ళు అనుకొంటారు. అది వెనుకవాని ప్రాణానికి రక్ష.

యుద్ధకాలపు విమానాల దారి మీద షోళవరంలో పందేలు జరిగిన రోజులలోనూ, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో బాట తెరిచిన తరువాతా, ఈ ధర్మం మారలేదు. పందెం ముందు రాత్రి కారుడు ఆగలేదు, కారణం దొరకలేదు అనుకోండి. అప్పుడు తుడిచి, గుడ్డ కట్టి, పరీక్షకుని కన్ను కప్పి బండిని బాట మీదికి తేవద్దు. తమ్ముళ్ళారా, బండిని ఇంటికి తీసుకుపొండి. పరుగెత్తించేవాడు కోపగించుకోవచ్చు, డబ్బు పోవచ్చు. పందెం మళ్ళీ వస్తుంది.

మన తాతలు నాగలి, మగ్గం, గానుగలతో బ్రతికారు. వారి పనిలోని లోపం చాలావరకు వారికే తగిలేది. మన చేతికి వచ్చిన యంత్రంలోని లోపం ముక్కూ మొగమూ తెలియనివారికి తగులుతుంది. ఇది గుర్తుంచుకొని పని నేర్చుకొనే పిల్లలు మన తెలుగు ఇళ్ళనుండి ఇంకా రావాలని కోరుకొంటున్నాము.