కణాలను పట్టి ఉంచే ప్రోటీన్లు, అండాశయ క్యాన్సర్

అండాశయ క్యాన్సర్ పాకే తీరు వేరు. రొమ్ము క్యాన్సర్ కణాలు రక్తనాళాలు, లింఫు నాళాల వెంట దూరాలకు పోతాయి. అండాశయ క్యాన్సర్ కణాలు మాత్రం ఎక్కువగా గడ్డ నుంచి రాలి, కడుపులోని ద్రవంలో తేలుతూ, పేగుల ముందు వేలాడే కొవ్వు పొర మీద నాటుకుంటాయి. రాలడం, గుంపు కట్టడం, మళ్లీ అతుక్కోవడం అన్నీ కణం పైపొరలోని అతుకు ప్రోటీన్ల చేతిలోనే ఉన్నాయి.

వీటిలో ముఖ్యమైనవి క్యాడ్‌హెరిన్లు. 1980లలో జపాన్ శాస్త్రవేత్త మసతోషి టకేయిచి వీటికి ఆ పేరు పెట్టారు. కాల్షియం ఉంటేనే పనిచేసే ఈ ప్రోటీన్లు, కడప బండల మధ్య సున్నంలా, పక్కపక్క కణాలను పట్టి ఉంచుతాయి. చాలా క్యాన్సర్లలో ఈ-క్యాడ్‌హెరిన్ తగ్గితే కణం విడివడి చొచ్చుకుపోతుంది. ఇక్కడ అలా కాదు. ఆరోగ్యంగా ఉన్న అండాశయపు పైపొరలో అరుదుగా ఉండే ఈ-క్యాడ్‌హెరిన్, గడ్డలో పుష్కలంగా కనిపిస్తుంది. దీనికి ఒక కారణం ఇటీవలి దశాబ్దాల్లో తేలింది: ఎక్కువమందికి వచ్చే ఉద్ధృత రకం చాలావరకు అండవాహిక చివర పుడుతుంది, ఆ వాహిక పొరలో ఈ-క్యాడ్‌హెరిన్ ముందునుంచే ఉంటుంది. ద్రవంలో తేలే కణాలు దాని సాయంతో ఉండ కడతాయి. ఒంటరి కణం చచ్చే చోట ఉండ బతుకుతుంది. మందు కూడా దాని నడిమికి సరిగా చేరదు. ఈ జబ్బు తిరగబెట్టడాన్ని అర్థం చేసుకోవాలంటే మొదట చూడవలసింది ఈ ఉండలనే.

కణాలు చేరిన చోట పట్టు ఇచ్చేవి ఇంటిగ్రిన్లు, సీడీ44 అనే అతుకు ప్రోటీన్లు. వీటితోపాటు క్యాన్సర్ కణం మీది మ్యూసిన్-16 అనే ప్రోటీన్ కడుపు లోపలి పొరలోని మీసోథెలిన్‌ను పట్టుకుంటుంది. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం కనుగొన్న సీఏ-125 ఈ మ్యూసిన్‌లోని భాగమే. రక్తంలో దీన్ని కొలిచే పరీక్ష ఉంది. అందులోని అంకె 35 దాటినంత మాత్రాన క్యాన్సర్ కాదు. నెలసరిలో, గర్భంలో, కడుపు క్షయలో కూడా అది పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం 2021లో వెల్లడించిన ఫలితాల్లో, ఈ పరీక్షతో ముందస్తుగా వెతికినా మరణాలు తగ్గలేదు.

అందుకే లక్షణాలను గమనించడం ముఖ్యం. వారాల తరబడి తగ్గని కడుపుబ్బరం, సగం ముద్ద సంగటికే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం గ్యాస్ మాత్రతో సరిపెట్టుకోదగ్గవి కావు. ముఖ్యంగా 50 దాటిన స్త్రీలకు ఇవి కనిపిస్తే కడుపు స్కానింగ్, స్త్రీవైద్య నిపుణుల పరీక్ష అవసరం.