ఆరోగ్యాంగములు - బాలబాలికలకు బోధించు తీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఆరోగ్యమన నేమియని ఏడవ తరగతి బాలు నడిగినచో వాడు తడుముకొనక బదులు చెప్పును. పెందలకడ లేవవలయును, పండ్లు తోముకొనవలయును, గోళ్లు కత్తిరించుకొనవలయును, కాచి చల్లార్చిన నీరు త్రాగవలయును, ఆకుకూరలు తినవలయును. అన్నియు సత్యములే. పరీక్షలో మార్కులును వచ్చును. కాని ఆ జాబితాలోని పనులన్నియు బాలుడే చేయవలయును. చేయనిచో తప్పును బాలునిదే. వానికి జబ్బు చేసినచో వాడు గోళ్లు తీసికొనలేదన్నమాట. జమపక్క విడిచి ఖర్చుపక్క మాత్రమే వ్రాసిన పద్దువంటి దీ పాఠము. బాకీ యంతయు పిల్లవాని పేరనే పడుచున్నది.

పూర్వులింత ఇరుకుగా తలపలేదు. సుశ్రుతుడు సూత్రస్థానమున స్వస్థుడెవడో నిర్ణయించుచు దోషములు, జఠరాగ్ని, ధాతువులు సమముగ నుండుటతో తృప్తి నొందక, ఇంద్రియములును మనస్సును ఆత్మయు ప్రసన్నముగ నుండవలెనని చేర్చెను. వ్యాసభారతమున యక్షుడు లాభములలో మేలైన దేదని యడిగినపుడు ధర్మరాజు ఆరోగ్యమును పేర్కొని, సుఖములలో మేలైనదిగా సంతుష్టిని పేర్కొనెను. ఆ రెండు ప్రశ్నలును పక్కపక్కనే యుండుట గమనింపదగినది. 1948లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి శారీరక, మానసిక, సాంఘిక క్షేమములు మూడును కలిసిననే ఆరోగ్యమని నిర్వచించినది. సుశ్రుతుడు మనస్సువఱకు వచ్చెను. సంఘమును పేరుపెట్టి నిర్వచనమున జేర్చినవారు ఆధునికులు. బడిపాఠములో అన్నింటికన్న పలుచగ నున్నది ఈ మూడవ అంగమే.

మూడు అంగములను మూడు దినములలో మూడు పాఠములుగా చెప్పవచ్చును. అట్టి పాఠము పరీక్ష ముగియగనే మఱపున బడును. దానికన్న ఊరివారందఱు నెఱిగిన యొక్క సంగతిని పట్టుకొని, అది దేహమునను మనస్సునను సంఘమునను ఎట్లు ప్రవేశించునో పిల్లలచేతనే వెదకించుట మేలు. తెలుగునాట అట్టి సంగతులకు కొఱతలేదు. ఫ్లోరైడు నీటి కథ యొక్కటి చాలును.

1937లో నాటి మదరాసు రాష్ట్రమునందలి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి యున్నదని వైద్యులు ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి ప్రకటన యదియే. పిమ్మట నల్లగొండ జిల్లా పేరు ఈ జబ్బునకు మాఱుపేరైనది. రాతినేలలలో, అందును లోతుబోర్ల నీటిలో, ఫ్లోరైడు తఱచు హెచ్చుగ నుండును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రాము. వేఱు జలాధారము లేనిచోట 1.5 వఱకు ఓర్చుకొనవచ్చునన్నది.

ఇపుడు ఉపాధ్యాయుడు తరగతిలో ఒక ప్రశ్న వేయవలయును: నీరు కాచినచో ఈ దోషము పోవునా? చేతులన్నియు పైకి లేచును, పోవునని. పుస్తకమున నున్న దదియే గదా! కలరా, టైఫాయిడు క్రిములు మరుగుచున్న నీటిలో చచ్చును; ఆ మాట నిజమే. ఫ్లోరైడు క్రిమి కాదు, నీటిలో కరగిన లవణము. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో దాని పాలు హెచ్చును. చారు మరిగినకొలది ఉప్పన యగునని వంటయింటి గడప త్రొక్కిన ప్రతి పిల్లకును తెలియును. ఈ పోలిక పిల్లలే చెప్పువఱకు ఉపాధ్యాయుడు నోరు విప్పకుండుట మంచిది. కంఠస్థము చేసిన సూత్రము ఎక్కడ పనికివచ్చునో, ఎక్కడ పనికిరాదో తమంతట తాము కనుగొన్న పిల్లలు ఆ పాఠమును మఱవరు. లెక్కల ఉపాధ్యాయునకును ఇందు పాలున్నది: లీటరునకు 3 మిల్లీగ్రాములున్న నీటిని దినమునకు 2 లీటర్లు త్రాగువాని కడుపులోనికి నెలకెంత పోవునో కట్టించవచ్చును.

తరువాత పండ్ల సంగతి. శాశ్వతదంతములపై పింగాణీవంటి పొర చిగుళ్లలోపలనే, ఇంచుమించు ఎనిమిదవ యేటిలోపల, ఏర్పడును. ఫ్లోరైడు మచ్చ పడునది ఆ కాలముననే. కావున ఆఱవ తరగతి బాలుని పండ్లమీది గోధుమరంగు గీతలు వాడు ఓనమాలు దిద్దునాటి నీటివలన వచ్చినవి. పుల్లతో తోమినను, పొడితో తోమినను పోవు. పండ్లు తోముకొనని సోమరియని వానిని నిందించుట అన్యాయము. అట్టి నింద ఉపాధ్యాయుని నోటినుండి వచ్చినచో మఱింత అన్యాయము.

అట్టి బాలుడు నవ్వునపుడు నోటికి చేయి యడ్డము పెట్టుకొనును. పాఠము బిగ్గరగ చదువుమన్నచో తల వంచుకొనును. తోడివారు గారపండ్లవాడని పిలిచినచో కొన్నాళ్లకు ఆ పేరునకే పలుకును. దేహమున పుట్టిన దోషము మనస్సునకు ప్రాకినది. ఇక సంఘము: ఫ్లోరైడు పల్లెలలోని పిల్లను చేసికొనుటకును, ఆ పల్లెలకు పిల్ల నిచ్చుటకును పొరుగూళ్లవారు వెనుకాడిన రోజులను నల్లగొండ సీమ చూచినది. ఎముకలకు వ్యాధి పట్టినవారు నడుము వంగి, కీళ్లు బిగిసి, మంచమున బడిరి. బోరెక్కడ వేసిరి, నీటిని పరీక్షించినదెవరు, ఫలిత మెవరికి తెలిపిరి అను ప్రశ్నలు గోళ్లు కత్తిరించుకొనుటవలన తీరునవి కావు.

ఉపాయములును సంఘమునుండియే వచ్చినవి. సున్నము, పటిక తగుపాళ్లలో కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ యాంత్రికశాస్త్ర పరిశోధనాలయమువారు 1970వ దశాబ్దిలో రూపొందించిరి. నల్లగొండ విధానమను పేర అది తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా వఱకు పోయినది. పటికతో బురదనీరు తేరుటను తరగతిలో చూపవచ్చును. ఫ్లోరైడును తీయుటకు మాత్రము కొలతయు పరీక్షయు తప్పవు, ఇంటిలో చేతివాటముగ చేయు పని కాదది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో కృష్ణానది నీరు నల్లగొండ పల్లెల కుళాయిలకు వచ్చినది. వంగిన ఎముకలు మాత్రము మంచినీరు వచ్చినంతనే తిన్నగ కావు.

ఆహారమును గూర్చి పుస్తకములు చెప్పునది చాలవఱకు చాలును. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినవి. జొన్నకేమి లోటో కవిసార్వభౌమునకే తెలియవలయును! బడిలో వారమున కొకమాఱు ఇచ్చు నీలిరంగు మాత్రను గూర్చి ఒక్కమాట. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము నుండును. కొందఱు పిల్లలు దానిని చప్పరించి ఉమ్మివేయుదురు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దఱు స్ప్రూ వ్యాధితో మరణించిరి. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగ తయారుచేసిన పరిశోధక బృందమునకు నాయకు డా సుబ్బారావుగారే. ఈ కథ విన్న పిల్ల మాత్రను ఉమ్మివేయుటకు ముందు ఒక క్షణము నిలుచును.

మనస్సు మాటకు వచ్చినచో పెద్దలే వెనుకబడిన విద్యార్థులు. లెక్కల గంటకు మాత్రమే కడుపునొప్పి వచ్చు బాలునికి ఒక యింట వాముకషాయము, ఒక యింట బెత్తము. ఏమి భయమురా నాయనా యని యడుగువారు తక్కువ. 2015-16 సంవత్సరములలో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే 13 మొదలు 17 ఏండ్లలోపువారిలో నూటికి ఏడుగురికి పైగా మానసిక వ్యాధులున్నవని తేల్చినది. 2022లో నెలకొల్పిన టెలిమానస్ వారి 14416 సంఖ్యను పిల్లల నోటుపుస్తకపు అట్టమీద వ్రాయించినచో ఖర్చేమియు లేదు.

ఆడుపిల్లల సంగతి దాచి చెప్పుటవలన కీడే కాని మేలు లేదు. మరుగుదొడ్డి తలుపునకు గడియ లేని బడిలో పిల్లలు ఉదయమునుండి సాయంకాలము వఱకు నీరు త్రాగక కూర్చుందురు. మూత్రకోశమునకు జబ్బు, మనస్సునకు బిడియము, చదువునకు నాగా. మూడింటికిని మూలమొక గడియ. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమము బడికి ఇద్దఱు ఉపాధ్యాయులను ఆరోగ్యదూతలుగ నియమించి పదునొకండు విషయములను చెప్పుమన్నది. విషయములు మంచివే. పదునొకండును వల్లెవేయించుటకన్న ఆ గడియ బిగింపించుట ముందుగ చేయదగినది.

ఇంక గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామమున కైదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించు శిక్షణ నిచ్చు ఏర్పాటున్నది. వారి వెంట ఎనిమిదవ తరగతి పిల్లలను పంపి, ప్రతి బోరునకు, ప్రతి కుళాయికి ఫలితము వ్రాయించి, వార్తాపత్రికలు చదువు బల్లకెదుట గోడమీద నొక పట్టిక అతికించవచ్చును. జలాధారము పేరు, పరీక్షించిన తేది, ఫ్లోరైడు, క్లోరిను, చివర నొక గడి: దోషమున్నచో సరిచేయవలసినవారు. మొదటి గడులను పిల్లలు ఒక దినమున నింపివేయుదురు. చివరి గడి కొన్ని నెలలు ఖాళీగ నుండవచ్చును. పత్రిక చదువ వచ్చిన పెద్దలను, అందెవరి పేరు వ్రాయవలయునని పిల్లలు అడుగుదురు.