కథలో కనిపించని ఆమెకు ఏమయింది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. గృహహింస, ఆస్తిహక్కు, పనిచోట లైంగిక వేధింపులు - ఇన్ని సమస్యలుండగా ఒక అమెరికన్ టీవీ సీరియల్ గురించి చర్చేమిటని అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. నా అభిప్రాయాన్ని మార్చింది కొండాపూర్‌లోని ఒక మహిళా హాస్టల్.

ఐటీ కంపెనీల్లో పనిచేసే స్త్రీల పనిగంటల గురించి తెలుసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్లాను. అయిదారుగురు అమ్మాయిలు టిఫిన్ ప్లేట్లు పక్కన పెట్టేసి గట్టిగా వాదించుకుంటున్నారు. "అంతా అతని కోసమే చేసింది" అంటోంది ఒకామె. "ఎవరి కోసమూ కాదు, అందులో ఆమెకే సరదా" అంటోంది ఇంకొకామె. "ఏదైనా సరే, మొదట్లోనే వదిలేసి పోవాల్సింది" అని మూడో ఆమె తీర్పు చెప్పేసింది. ఎవరో స్నేహితురాలి కాపురం గొడవ అనుకుని మౌనంగా కూర్చున్నాను. కాసేపటికి అర్థమయింది, వాళ్లు మాట్లాడుకుంటున్నది కిమ్ వెక్స్‌లర్ గురించి. ఆమె 'బెటర్ కాల్ సాల్' అనే సీరియల్‌లో ఒక లాయరు పాత్ర.

చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. 2008 నుంచి 2013 దాకా 'బ్రేకింగ్ బాడ్' అనే నేరకథా సీరియల్ వచ్చింది. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఒక మాస్టారు మాదకద్రవ్యాల వ్యాపారి అవుతాడు. అతనికి సాయపడే అక్రమాల లాయరు సాల్. ఆ లాయరు అలా ఎందుకయ్యాడో చెప్పడానికి 2015లో మొదలుపెట్టి 2022 దాకా ఆరు సీజన్ల ముందుకథ తీశారు. దీన్నే ప్రీక్వెల్ అంటారు. ఇందులో అతను ఇంకా జిమ్మీ. అతనితో కలిసి బతికే స్త్రీ కిమ్. ఈమె మొదటి సీరియల్‌లో ఎక్కడా కనిపించదు. పేరు కూడా వినిపించదు.

ముందుకథకు ఒక లక్షణం ఉంది. చివరికి ఎవరేమవుతారో చూసేవాళ్లకు ముందే తెలుసు. జిమ్మీ సంగతి తెలుసు. కిమ్ సంగతే తెలియదు. అందుకే ఏడేళ్లపాటు ప్రపంచమంతటా అభిమానులు ఒకటే ప్రశ్న వేసుకున్నారు: ఆమెకు ఏమయింది? చాలామంది ఊహించిన జవాబు, చంపేసి ఉంటారని. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఒక స్త్రీ కథలో కనిపించకపోతే చచ్చిపోయి ఉంటుందనుకోవడం మనకు ఎంత తేలిక!

ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. రామాయణం లక్ష్మణుడితో పాటు అడవికి వెళ్లిపోతుంది. ఊర్మిళ అంతఃపురంలో మిగిలిపోతుంది. ఆమెకు ఏమయిందని అడిగింది పండితులు కాదు, తెలుగు ఆడవాళ్లు. ఊర్మిళాదేవి నిద్ర పాట ఆ ప్రశ్నలోంచే పుట్టింది. 2010లో 'విముక్త' కథలు రాసిన ఓల్గా కూడా శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను అదే ప్రశ్నతో పలకరించారు. 1990లలో దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' వచ్చే రోజుల్లో మా వీధి ఆడవాళ్లు మర్నాడు కుళాయి దగ్గర చేసిన చర్చలూ ఇలాంటివే. మగవాళ్లు వాటికి పనిలేని కబుర్లని పేరు పెట్టారు. నేను మాత్రం న్యాయవిచారణ అంటాను. ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు, దానికి ఏం జరగాలి - కోర్టులో జరిగేదీ ఇదే కదా.

అయితే ఆ విచారణలో మగవాడిని అడిగే ప్రశ్న ఒకటి, ఆడదాన్ని అడిగే ప్రశ్న ఇంకొకటి. జిమ్మీ గురించి "ఇలా ఎందుకయ్యాడు?" అని అడుగుతాం. జవాబుగా అతని అన్న చేసిన అవమానాలు, అతని పేదరికం, అతని తెలివి అన్నీ వివరంగా వస్తాయి. కిమ్ గురించి "ఎందుకు వదిలిపోలేదు?" అని అడుగుతాం. ఆమె బాల్యానికి కథ ఇచ్చింది ఒకటి రెండు చిన్న దృశ్యాలు. మగవాడికి గతం, ఆడదానికి సంజాయిషీ.

'బ్రేకింగ్ బాడ్'లో మాస్టారి భార్య స్కైలర్ విషయంలో ఇది ఇంకా పచ్చిగా బయటపడింది. మొగుడు మత్తుమందు వండితే చూసేవాళ్లకు ముద్దొచ్చాడు. ఇదేమిటని నిలదీసిన పెళ్లాం మీద మాత్రం అసహ్యం పుట్టింది. ఆ పాత్ర వేసిన అన్నా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాయాల్సి వచ్చింది. పాత్ర మీది ద్వేషం చివరికి తన మీదికే మళ్లిందని, ఎదురు తిరిగే భార్యను జనం భరించలేకపోతున్నారని ఆమె రాసింది.

మళ్లీ హాస్టల్‌కి వద్దాం. ఆ అమ్మాయిలకు కిమ్ ఎందుకంత దగ్గరయిందని అడిగాను. ఒకామె చెప్పింది: "ఆమె ఉత్తరాలు పంచే గదిలో పనిచేస్తూ లా చదువుకుంది మేడమ్. పని ఎక్కువై, నిద్ర చాలక, కారు నడుపుతూనే నిద్రపోయి ప్రమాదం చేసుకుంది. నైట్ షిఫ్ట్ అయ్యాక స్కూటీ మీద వస్తుంటే నాకు రోజూ అదే భయం." 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రాంతం గురించి రాసిన వ్యాసాల్లో ఈ నిద్రలేమి ఎక్కడుంది? ఆ అమ్మాయి తన పని గురించిన మాటను ఆ పాత్ర దగ్గర తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం విచారించేది పాత్రలనే కాదు. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో బస్సు కోసం నిలబడిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఇద్దరు కారులో తీసుకుపోయి అత్యాచారం చేశారు. అభయ కేసు అన్నాం. అప్పుడు చుట్టూ వినిపించిన మొదటి ప్రశ్న "ఆమె ఆ కారెందుకు ఎక్కింది?" అని. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారు. దిశ అన్నాం. అప్పుడు ఒక మంత్రి, ఆమె చెల్లెలికి కాకుండా 100 నంబరుకు ఫోన్ చేసి ఉండాల్సిందన్నారు. కిమ్‌ని అడిగిన ప్రశ్నకూ దీనికీ తేడా ఎంత? నేరం చేయించిందీ భరించిందీ ఒకటే అన్నట్టు, స్త్రీ కనిపిస్తే చాలు, సంజాయిషీ అడుగుతాం.

ఇక శిక్ష. ఈ రెండు కేసులూ సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలో జరిగినవే. అభయ కేసులో కోర్టు విచారణ జరిగింది. 2014 మే నెలలో, అంటే ఏడు నెలల్లో, ఇద్దరికీ 20 ఏళ్ల శిక్ష పడింది. దిశ కేసులో 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలు చల్లిన వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కోపాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే రోజున నగరంలోని కొందరు స్త్రీవాదులు హైకోర్టు తలుపు తట్టారు. "మా పేరు మీద ఈ చావులు వద్దు" అని చెప్పడానికి ఆ రోజు ఎంత గుండె ధైర్యం కావాలో ఈ సభలో ఉన్నవాళ్లకు తెలుసు.

చటాన్‌పల్లికి కూడా ఒక ముందుకథ ఉంది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు ఇలాగే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు అక్కడ ఎస్పీగా ఉన్న అధికారే 2019లో సైబరాబాద్ కమిషనర్. ఆ ముందుకథ తెలిసిన వాళ్లకు ముగింపు కూడా ముందే తెలుసు. దిశ కేసులో నిందితులు దొరికిన రోజు నుంచే జనం అదే ముగింపు కోరారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరపాలని, చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. కోర్టులో విచారణ లేకపోవడం వల్ల దిశ కేసులో రుజువు కావలసింది ఏదీ రుజువు కాలేదు. ఆమెకు ఏం జరిగిందో న్యాయస్థానం ఎదుట ఒక్క వాక్యమైనా నమోదు కాకుండానే కథ ముగించేశారు. అది న్యాయం కాదు, కథ నోరు మూయించడం.

ఆ ఏడాదే ఆగస్టులో కిమ్ కథ ముగిసింది. ఆమె చావలేదు. ఆమె, జిమ్మీ కలిసి ఒక లాయరు పరువు తీయడానికి ఆడిన ఆట చివరికి అతని ప్రాణం తీస్తుంది. ఆ ఆటలో తనకు ఆనందం కలిగిందని ఆమే ఒప్పుకుంటుంది. లాయరు వృత్తి వదిలేసి, జిమ్మీని వదిలేసి, ఫ్లోరిడాలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ, ఏ చిన్న విషయంలోనూ తన ఇష్టమేమిటో చెప్పలేని మనిషిగా బతుకుతుంది. కొన్నేళ్లకు తానే వెనక్కి వచ్చి, జరిగిందంతా కాగితం మీద రాసి, చనిపోయిన అతని భార్య చేతిలో పెడుతుంది. ఆ తర్వాత పేదలకు న్యాయసహాయం చేసే ఆఫీసులో జీతం లేకుండా పని మొదలుపెడుతుంది. జిమ్మీ కూడా ఏడేళ్లతో పోయే శిక్షను కాదని, కోర్టులో నిజం చెప్పి 86 ఏళ్ల జైలుకు వెళతాడు. మొదటి సీరియల్ ముగింపు మరతుపాకీతో. ముందుకథ ముగింపు వాంగ్మూలంతో. హాస్టల్ అమ్మాయిల్లో ఇద్దరికి ఈ ముగింపు నచ్చలేదు. "చప్పగా ఉంది" అన్నారు. మూడో ఆమె, అదే మొదట తీర్పు చెప్పిన ఆమె, కాసేపు ఊరుకుని అంది: "ఆ కాగితం చదువుతున్నప్పుడు ఆ భార్య మొహం చూశారా? ఆమెకు కావలసింది ఎవరి చావూ కాదు. ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పడం."

మిత్రులారా, హక్కుల గురించి నేనిచ్చిన ఏ ఉపన్యాసమూ ఇంత సూటిగా ఆ మాట చెప్పలేదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. హాస్టళ్లలో, బస్తీల్లో, సంఘాల్లో ఆడవాళ్లు సీరియళ్ల గురించి మాట్లాడుతుంటే చట్టం క్లాసు మొదలుపెట్టడానికి వాళ్లను ఆపకండి. అక్కడే కూర్చుని మూడు ప్రశ్నలు వేయండి. ఈ కథలో గతం ఎవరికి ఇచ్చారు? సంజాయిషీ ఎవరిని అడిగారు? ముగింపు ఎవరు నిర్ణయించారు, నష్టపోయిన మనిషికి దానివల్ల ఏం దక్కింది? ఇవే ప్రశ్నలను పోలీస్ స్టేషన్ దాకా, పేపరు వార్త దాకా తీసుకుపోవడం వాళ్లకు కష్టం కాదు. ఆ ఆదివారం నా కళ్లముందే తీసుకుపోయారు.

ఆ రోజు నేను లేవబోతుంటే గది ఊడవడానికి వచ్చిన అమ్మ, ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి విన్నది, అడిగింది: "ఇంతకీ ఆమె బతికే ఉందా అమ్మా?" బతికే ఉందని చెప్పాను. "అయితే మంచిదే, తప్పు చేసినా బతికుంటేనే కదా దిద్దుకునేది" అని చీపురు అందుకుంది.

సెలవు.