గుమ్మంలో బేరం వద్దు – బొమ్మ దగ్గరకు రమ్మందాం

(ఉయ్యూరు దళితవాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పగలంతా ఎండలో పనిచేసొచ్చి, పొయ్యి మీద అన్నం దించి ఇక్కడ కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఇవాళ మాట్లాడుకునేది ఒక్కటే సంగతి. మన గుమ్మంలోకి ఎవరొస్తున్నారు, ఎందుకొస్తున్నారు, వస్తే మనం ఏం చెయ్యాలి?

బంగారానికి మెరుగు పెడతామని ఒకడొస్తాడు. గ్యాసు ఆఫీసు నుంచి వచ్చాం, ట్యూబు మార్చాలి, డబ్బు కట్టమని ఒకడొస్తాడు. కొత్త పథకం వచ్చింది, ఇక్కడ వేలిముద్ర వెయ్యమని ఇంకొకడు. నెలకింత కడితే కొన్నేళ్ళకు స్థలం అని ఒకడు, ఆధార్ కార్డు ఇస్తే రేపే లోను అని మరొకడు. ఎప్పుడొస్తారు? చెరకు నరికిన కూలి చేతికొచ్చినప్పుడు, వరికోతలు అయినప్పుడు, వీరమ్మ తల్లి తిరునాళ్ళకు నాలుగు రూపాయలు దాచుకున్నప్పుడు. ఏ వేళకొస్తారు? అందరూ పనుల్లోకి పోయి ముసలమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్న వేళకి.

వచ్చి, 'ఇవాళే ఆఖరు రోజు' అంటాడు. 'పక్కింటావిడ కట్టేసింది' అంటాడు. పక్కింటికి పోయి ఈ ఇంటావిడ కట్టిందంటాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఆ అబద్ధం నిలబడదు. అందుకే కలవనివ్వడు. ఒక్కొక్క గుమ్మాన్నీ విడగొట్టడంలోనే వాడి వ్యాపార రహస్యం అంతా ఉంది.

చదువులేనివాళ్ళే మోసపోతారని కొందరంటారు. అది తప్పు. మన పక్కనే విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంగతి తీసుకోండి. కట్టిన డబ్బుకు స్థలమో, లేకపోతే అంతకంటే ఎక్కువ సొమ్మో ఇస్తామని చెప్పి అనేక రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్ల రూపాయల దాకా వసూలు చేశారు. కట్టినవాళ్ళలో కూలోళ్ళున్నారు, టీచర్లున్నారు, చిన్న ఉద్యోగులున్నారు. 2015లో కేసు సీఐడీకి వెళ్ళింది. 10 వేల లోపు కట్టినవాళ్ళకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది 2019 నవంబరులో. 20 వేల లోపువాళ్ళకు 2021 ఆగస్టులో. అది కూడా జనం రోడ్డెక్కి, దీక్షలు చేసి అడగగా అడగగా వచ్చింది. ఈ లోపల ఎన్ని పెళ్ళిళ్ళు ఆగిపోయాయో, ఎందరు పిల్లల చదువులు మధ్యలో పోయాయో లెక్క రాసినవాడు లేడు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పుకోవాలి. ఇలాంటి కంపెనీలన్నిటికీ గుమ్మం గుమ్మం తిరిగే ఏజెంటు ఎవరు? మనవాడే. మన బావమరిది, మన మేనకోడలు, ఉద్యోగం దొరకని మన డిగ్రీ కుర్రాడు. కంపెనీ వాడి మొహాన్ని, వాడి వరసని పెట్టుబడిగా వాడుకుంటుంది. కంపెనీ మూతపడ్డ రోజున పైవాడు కనపడడు, జనం మనవాడి గుమ్మం మీద పడతారు. అలా ఊళ్ళు వదిలినవాళ్ళున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు.

మరి మనం ఎందుకు నమ్ముతాం? బ్యాంకుకు పోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. 'ఏంటి నీకు లోనా' అన్నట్టు చూస్తారు. వీడు వచ్చి మన మంచం మీద కూర్చుని 'అమ్మా' అంటాడు. మన వాడలో మంచినీళ్ళు ముట్టని కులపోడు కూడా రసీదు పుస్తకం పట్టుకొచ్చిన రోజు మన గ్లాసుతో టీ తాగుతాడు. ఆ గౌరవానికి మనం కరిగిపోతాం. తరతరాలుగా దక్కని మర్యాదను ఎరగా వేసి మన కష్టార్జితం పట్టుకుపోతున్నారు.

అప్పుల సంగతీ ఇంతే. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలోనే అధికారులు మైక్రోఫైనాన్స్ కంపెనీల శాఖలు సుమారు 50 మూయించారు. వడ్డీల మీద, వసూళ్ళ జులుం మీద వచ్చిన గొడవే కారణం. 2010 అక్టోబరులో ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం వచ్చాయి. ఆ చట్టంలో ఒక మాట ఉంది. కిస్తీ కట్టించుకుంటే పంచాయతీ ఆఫీసులోనో, నలుగురూ తిరిగే చోటనో కట్టించుకోవాలి. రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కానీ రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమం కూడా దాదాపు అదే మాట అంటుంది. ఇద్దరూ ఒప్పుకున్న చోటే వసూలు. వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. బాకీ కోసం పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వేధించకూడదు. సరుకులమ్మే డైరెక్ట్ సెల్లింగ్ వాళ్ళకు 2021 నిబంధనలున్నాయి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడగకుండా మన ఇంటికి రాకూడదు. ప్రభుత్వ అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు పట్టడమే నేరమని 2019 చట్టం చెబుతుంది.

చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు, వాడలో ఉండాలి. అందుకని నాలుగు కట్టుబాట్లు పెట్టుకుందాం.

ఒకటి. గుమ్మంలో డబ్బు, బంగారం, కార్డు ఇవ్వొద్దు. 'సాయంత్రం అంబేద్కర్ బొమ్మ దగ్గరకు రా, అందరి ముందు చెప్పు' అనండి. నిజాయితీ ఉన్నవాడు వస్తాడు. దొంగ ఇంక ఈ వీధికి రాడు.

రెండు. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం వద్దు. పదో తరగతి పిల్లల చేత గట్టిగా చదివించండి. వచ్చినవాడి పేరు, ఫోను, బండి నంబరు ఒక నోటుబుక్కులో రాయించండి. 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాసిన అంబేద్కర్ వారసులం మనం. లెక్క అడగడానికి సిగ్గెందుకు?

మూడు. వేలిముద్ర, ఓటీపీ గుమ్మంలో ఇవ్వొద్దు. ఖాతాకు ఆధార్ ఉంటే వేలిముద్రతో డబ్బు తీసేయొచ్చు. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే వీలుంది, వేయించుకోండి. ఖాతాలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి. సరుకు మోసానికి వినియోగదారుల నంబరు 1915.

నాలుగు. మోసపోయినవాళ్ళని ఎగతాళి చెయ్యొద్దు. కొడుకు తిడతాడని తల్లి చెప్పదు, మొగుడు కొడతాడని భార్య చెప్పదు. ఆ నోరు మూసుకోవడమే దొంగకు రక్షణ. మొదటి ఇంట్లో పోయింది మొదటి రోజే చెబితే రెండో ఇల్లు నిలుస్తుంది.

ఇంకొక మాట. కొత్త మనిషి కనపడగానే దొంగ అని మీద పడొద్దు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని పుకారు లేచి రెండు తెలుగు రాష్ట్రాల్లో దారినపోయే అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు కూడా తీశారు. స్టీలు గిన్నెలమ్మే ఆవిడా, సంచారం చేసి బతికే కులాలవాళ్ళూ మనలాంటి పేదలే. వాళ్ళనూ బొమ్మ దగ్గరే కూర్చోబెట్టి సరుకు చూద్దాం, నచ్చితే కొందాం.

రేపటి నుంచి వంతుల వారీగా ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఆ నోటుబుక్కు చూసుకుంటారని ఇక్కడే అనుకుందాం. పేర్లు ఇప్పుడే చెప్పండమ్మా, రాసుకుంటాం.

జైభీమ్.